బొట్టు తుడిచిన ఫోను

మరిపెడలో మా మిర్చి దుకాణంలో తాత కాలం నాటి నల్ల ఫోనొకటి ఉండేది. సెల్లులు వచ్చాక లైను తీసేశారు గానీ ఫోనును పారేయలేదు. మిర్చి తూచే పాత తరాజుతో పాటు ఇంట్లో లోపలి గదిలో పెట్టి, ప్రతి దసరాకు రెండింటికీ పసుపు, కుంకుమ పెట్టేవాళ్లం.

నేను ఇంటర్ చదివేటప్పుడు, అందరూ దుకాణంలో ఉన్న సాయంత్రాలు ఆ ఫోను ఎత్తి మాట్లాడేదాన్ని. కాలేజీలో ఎవరూ పలకరించలేదనో, చదువుతున్న నవలలో ఎవరో చనిపోయారనో చెప్పుకునేదాన్ని. డైరీ అప్పటికే రాస్తున్నాను. కానీ డైరీలో నా గొంతు నాకు వినపడేది కాదు. భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చాక కూడా, ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ గదిలోకి వెళ్లేదాన్ని. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

పోయిన ఎండాకాలం ఆ ఫోను కోసం హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. వాడుక వస్తువుల రూపాల మీద పెడుతున్న మ్యూజియం ఆమెది. జనగామలో ఉండే మా మేనమామ ఫోను ఫొటో తీసి ఆమెకు పంపాడట. ఆమె ఫోనును రెండు చేతులతో తిప్పి తిప్పి చూసింది. అంతకు ముందు ఫోన్లు కట్టెపెట్టెల్లా, ఇత్తడి నగిషీలతో ఉండేవట. నగిషీ అంతా తీసేసి, చేతికీ చెవికీ ఏది కావాలో అదే మిగిల్చిన తొలి రకాల్లో ఇదొకటట. ఆమె మాటలు నాకు నచ్చాయి. అందుకే ఇంకా భయమేసింది.

ఆమె పెట్టెలో స్పాంజి పరుస్తుంటే గడప దగ్గరి నుంచి అన్నాను.

"బాపు, అది ఇయ్యొద్దు."

"ఎందుకు బిడ్డా? అది మోగేది లేదు, ఏం లేదు. నీకు సెల్లున్నది గద."

కారణం ఉంది. అది అందరి ముందు చెప్పేది కాదు. నాకు కావాలని మాత్రం అన్నాను.

బాపు నవ్వలేదు. ఆమెకు వద్దని చెప్పేవాడేమో. కానీ అమ్మ వైపు చూశాడు. మా ఇంట్లో పూజ చేసిన వస్తువును బయటివాళ్లకు ఇచ్చే ముందు బొట్టు తుడుస్తారు, ఇంటి లక్ష్మి దాని వెంట వెళ్లకూడదని. అమ్మ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేసింది.

"తుడిచినంక మళ్ల లోపల పెట్టరు బిడ్డా. జర పొద్దుగాలనే చెప్పకపోతివి," అంది మెల్లగా.

పొద్దున అమ్మ తుడుస్తుంటే నేను పక్కనే కూర్చుని ఉల్లిగడ్డ తరిగాను.

మర్నాడు మానుకోటలో, వరంగల్లులో బస్సులు మారి భూపాలపల్లి చేరాను. ఇంటి ఓనరమ్మ దండెం మీది బట్టలు తీస్తూ, అందరు మంచిగున్నరా అని అడిగింది. మంచిగున్నరని చెప్పాను. ఇంకేమన్నా అడిగితే ఫోను సంగతి చెబుదామని, గది తాళం తీయకుండా కాసేపు నిలబడ్డాను. ఆమె బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.