సబ్జా కుండీ మీద ఒట్టు

ఇటలీ దక్షిణాన, సాలెంతో ప్రాంతపు ఎర్రమట్టిలో పుట్టిన కోజిమాకి చేతివేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. వేసవంతా పొగాకు కొట్టంలో కూర్చుని పచ్చి ఆకుల్ని దబ్బనంతో తోరణాలుగా గుచ్చేది. ఆ జిగురు నిమ్మచెక్కతో రుద్దినా వదలదు. పక్కన గుచ్చే అద్దొలొరాతా ఆ వేళ్ళనే, ఎవరూ లేనప్పుడు, ఒక్కొక్కటిగా ముద్దు పెట్టుకునేది.

"మీ ఇద్దరికీ ఊళ్ళో మగాళ్ళెవరూ కంటికి ఆనరా, లేక ఒక్కణ్ణే పంచుకుందామనా?" అంది ఒకనాడు నుంజియా ముసలమ్మ. కొట్టమంతా నవ్వింది. కోజిమా కూడా నవ్వింది. నవ్వుతూనే అద్దొలొరాతాకి జానెడు ఎడంగా జరిగింది.

ఆ అనుమానం పోగొట్టే ఉపాయం కోజిమాకే తోచింది. సాన్ జొవాన్ని అనే పునీతుడి పండుగనాడు సబ్జా మొక్క ఉన్న కుండీ ఇచ్చిపుచ్చుకుని, చర్చి గుమ్మంలో చిటికెన వేళ్ళు కలిపి ఆయన సాక్షిగా ఒట్టేసుకున్న ఆడవాళ్ళు కొమారెలు, అంటే ఒట్టుతో అయిన అక్కచెల్లెళ్ళు, అవుతారు. నెత్తుటికన్నా గట్టి వరస అది. కొమారెలు ఒకే మంచం మీద పడుకున్నా అడిగేవాళ్ళు లేరు.

"ఈ కుండీలూ ఒట్లూ దేనికే? నాకు నువ్వు చాలు" అంది అద్దొలొరాతా.

"నోళ్ళు మూయించడానికి. అంతే."

నోళ్ళు మూతపడ్డాయి. నుంజియా ముసలమ్మే వాళ్ళకి బాదం మిఠాయి పంచింది. ఆ పండుగ సాయంత్రం తలుపు వేసుకున్నాక అద్దొలొరాతా చెయ్యి చాపింది. కోజిమా ఒళ్ళు బావిగట్టులా చల్లబడింది. కొమారెని కోరికతో తాకడం తోబుట్టువుని తాకడమేనని, ఆ ద్రోహాన్ని సాన్ జొవాన్ని క్షమించడని అమ్మమ్మ ఒళ్ళో విన్న మాట అప్పుడు లేచి కూర్చుంది. వేషమనుకుని కట్టుకున్న బట్ట చర్మమైపోయింది.

"వద్దు. మనం కొమారెలం."

"నోళ్ళు మూయించడానికే అన్నావుగా."

"అన్నాను. కానీ ఆయన విన్నాడు."

అద్దొలొరాతా ఎదురుచూసింది. చలికాలాలు ఆలివ్ కొమ్మల మీద నుంచి జారిపోయాయి. చివరికి ఊళ్ళో సగంమందిలాగే ఆమె కూడా ఉత్తరాన తోరినో నగరంలో ఫ్యాక్టరీ పనికి బయల్దేరింది.

"నాతో రా."

"దక్షిణాది వాళ్ళకి అక్కడ గదులే ఇవ్వరట."

"వెతుక్కుందాం. సాన్ జొవాన్ని అంత దూరం రాడు కోజిమా."

"వస్తాడు. నాతోనే వస్తాడు."

అద్దొలొరాతా ఆమె రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది, ఊరందరి ముందూ, ఏ కొమారె అయినా పెట్టుకున్నట్టే. బస్సు ఎక్కి వెనక్కి చూడలేదు.

ఆ ఆదివారం కోజిమా చర్చిలో పాపాలు చెప్పుకునే జాలీ కిటికీ ముందు మోకరిల్లింది.

"ఏం తప్పు చేశావమ్మా?" అడిగాడు ఫాదర్.

"నా కొమారెతో వేసుకున్న ఒట్టు నిలబెట్టుకున్నాను ఫాదర్. ఆమె నా మూలంగా ఊరొదిలి పోయింది."

"ఒట్టు నిలబెట్టుకోవడం పాపమెలా అవుతుంది? నీలాంటి తోడు దొరకడం ఆమె అదృష్టం. వెళ్ళమ్మా, శాంతిగా వెళ్ళు."

ఆమె లేవలేదు. తను అద్దొలొరాతాకి చేసిన దానికి ఇక్కడ పేరు లేదు, పేరు లేనిదానికి ప్రాయశ్చిత్తమూ లేదు. వెనక వరుసలో తన వంతుకి కాచుకున్న నుంజియా ముసలమ్మ భుజం తట్టింది.

"పాపాలన్నీ నువ్వే చెప్పేస్తే మాకేం మిగుల్తాయే? లే ఇక."

కోజిమా లేచి, ఆమెకి చోటిచ్చింది.