వద్దన్నది కాన్పు

2024, మిరపకోతల కాలం. గుంటూరు బ్రాడీపేటలో మా ప్లీడరు గారి ఆఫీసు మేడమీద. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే ఘాటు లోపలిదాకా వచ్చేది. మధ్యాహ్నపు ఎండ కూడా ఎర్రగా అనిపించేది. నేను ఆయన గుమాస్తాను. బడిలో చదివింది పదో తరగతి, లా పుస్తకాలు చదివింది గ్రంథాలయంలో. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం.

కనిగిరి దగ్గరి పల్లె నుంచి కోటేశ్వరి వచ్చింది. వెంట చిన్న పాప. గుంటూరు ఆసుపత్రిలో రెండో సిజేరియన్‌తో పాటే ఆమెకు ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. మళ్లీ గర్భం వస్తే ప్రాణానికి ముప్పన్నారు. అయినా వచ్చింది. మూడో కాన్పులో చావు తప్పింది గానీ, ఇక బరువులెత్తకూడదన్నారు. పాప చేతులు చాచినప్పుడల్లా తనే నేలమీద కూర్చుని ఒళ్లోకి తీసుకునేది.

ఇలాంటి దావాను రాంగ్‌ఫుల్ బర్త్ అంటారు. వైద్యంలో నిర్లక్ష్యం వల్ల కలగకూడని జననం కలిగిందని పరిహారం అడగడం. ఆపరేషన్ ఫెయిలైతే చాలదు, అశ్రద్ధ జరిగిందని చూపించాలి. ఒక ట్యూబును అసలు ముట్టుకోలేదని మూడో కాన్పు చేసిన డాక్టరు రాసిచ్చారు. వినియోగదారుల కమిషన్‌లో దాఖలుకు ఆ రోజే ఆఖరు.

ఫిర్యాదు టైపు చేసి చదివి వినిపించాను. "అక్కరలేని బిడ్డ" దగ్గర ఆమె ఆపింది.

"ఎవరండీ అక్కరలేనిది?"

"పుస్తకాల్లో మాటమ్మా."

"పుస్తకం కన్నదా దీన్ని? రేపిది బడికి పోద్ది, చదువుద్ది. ఈ కాయితం కంటబడితే నన్నేమనుకుంటది? నేను సంతకం పెట్టను."

"సాయంత్రం దాటితే కేసే ఉండదమ్మా," అన్నారు ప్లీడరు గారు.

"లేకపోతే పోనీండి."

ఎక్కడి నుంచో వచ్చిన దూదిపింజ వెనక పాప తిరుగుతోంది. చెయ్యి చాస్తే అది ఇంకాస్త పైకి తేలిపోతోంది. ఘాటుకు పాప తుమ్మింది.

"నూరేళ్లు!" అంది కోటేశ్వరి, ఆ కోపంలోనే.

"మరి మీరు వద్దన్నదేంటమ్మా?" అన్నాను మెల్లగా.

"కాన్పండీ. కాన్పొద్దన్నా. పిల్లనెందుకొద్దంటా?"

"అన్ని పుస్తకాలు తిరగేశావు, ఈ మాట దొరకలేదటయ్యా?" అని ప్లీడరు గారు నవ్వారు. "వద్దన్న కాన్పు" అని మార్చాను. ఆమె సంతకం పెట్టింది. కమిషన్ తలుపులు మూసేలోగా దాఖలు చేశాం.

విచారణలో ఆసుపత్రి తరఫు వకీలు అడిగాడు. "పాప ముద్దుగానే ఉందిగా. ఇక నీకు నష్టమేంటి?"

"ముద్దుగా ఉంది, ఎత్తుకోలేకపోతన్నా. అదేనండీ."

పోయిన ఏడాది తీర్పు ఆమె పక్షాన వచ్చింది.

ఇప్పటికీ గ్రంథాలయానికి వెళ్తాను. కాకపోతే ఏ కాయితం టైపు చేసినా, అందులో ఉన్న మనిషి ఎప్పటికైనా దాన్ని చదవొచ్చని ఒకసారి చూసుకుంటాను. అప్పుడప్పుడు ఆ పిల్ల ఆ కాయితాన్ని అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నట్టు, వాళ్లమ్మ ఆపిన చోట ఆగకుండా ముందుకు సాగిపోతున్నట్టు అనిపిస్తుంది.