సార్ ముఖం తిప్పుకోలేదు

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. క్యాంపస్ ల్యాబులో పిల్లుల బోనులు కడిగి కొత్త గోనెసంచులు పరుస్తుండగా తార్నాకలోని సార్ ఇంటి నుంచి కబురు వచ్చింది, మా సార్ పోయారని.

సంతాప సభలో ఒక పెద్దమనిషి, "ఆఖరి ఘడియలో కూడా అన్న ముఖం చూడని అభిమానధనుడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు! ఒళ్లు మండి ఇది రాస్తున్నాను.

పిల్లి మెదడులో రెండు సగాలను కలిపే దారి కోశాక కళ్లు ఎలా తిరుగుతాయో చూడటమే సార్ పని. పిల్లిని బోనులో పెట్టేటప్పుడు కూడా "రా బిడ్డా" అనేవారు. మాకు పాఠం ఎక్కకపోతే చక్రాల కుర్చీకి చెరో పక్కన ఇద్దరిని నిలబెట్టి నెట్టించేవారు.

"కుడి సగం కండ్లను ఎడమకు నెడతది. ఎడమ సగం కుడికి నెడతది. నడుమ దారి కోసినా ఇద్దరూ పని మానరు. ఇగ ఒకడు కూలిండనుకో, కుర్చీ ఎటు పోతది?"

"కూలినోని దిక్కు, సార్."

"మరి కుర్చీకి వాని మీద ప్రేమ పుట్టిందా? కన్ను ఎటు పోతే మనసు అటు పోయిందనకుర్రి."

పోయిన నెలలో ఆయనకే పక్షవాతం వచ్చింది. మెదడు కుడి సగం దెబ్బతింది. కళ్లు రెండూ కుడికి తిరిగి నిలిచిపోయాయి. ఆ పక్కన స్టూలు మీద మేడమ్, ఆయన భార్య, కూర్చునేది. ఆమె క్రైస్తవుల బిడ్డ అని, పెళ్లి నాటి నుంచి సార్ వాళ్ల అన్న ఆ ఇంటి గడప తొక్కలేదు. సార్ ముద్దమాటల్లో మాకు తెలిసింది "అన్న" అన్నదొక్కటే. టెలిగ్రామ్ ఇచ్చాం. ఆయన వచ్చేసరికి ఆ మాటా ఆగిపోయింది.

అన్న వచ్చి మంచానికి ఎడమ పక్కన నిలబడ్డాడు. "తమ్మీ, నేనొచ్చిన." కళ్లు కదల్లేదు. "చూసిన్రా? ఇంకా పగ పోలే. నా దిక్కు చూస్తలేడు."

"పగ కాదు పెద్దయ్యా, జబ్బు. కండ్లు అటు తిరుగవు. మీరే ఈ పక్కకు రాండ్రి," అన్నాను.

"మీ సదువులు మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. మా తమ్ముని కండ్లు నాకెరుక లేదా?"

మేడమ్ లేచింది. "బావా, మీరు కూసోండ్రి. నేను బయటికి పోత."

ఆయన స్టూలు వైపు చూశాడు. "నువ్వు కూసున్న కాడ నేను కూసుంటనా?"

మంచం చుట్టూ తిరిగి రావడానికి ఎంతసేపు? గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరూ ఆయన్ని గట్టిగా అడగలేదు. తమ్ముడే ముఖం తిప్పుకున్నాడన్న మాటను మాత్రం బయటికి మోసుకెళ్లారు. సభలో అది అభిమానమైంది.

అన్న ఆ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. సార్ మర్నాడు పొద్దున పోయారు.