ఆర్పి వెలిగించిన సర్వర్

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లేబుళ్లు అచ్చువేసే అళగమ్మాళ్, ఏళ్ల తరబడి ఆపని సర్వర్‌ను ఆయుధపూజకని ఆపించి బొట్టు పెట్టింది. విజయదశమి పొద్దున అది లేవలేదు. దీపావళి లేబుళ్ల బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి.

విరుదునగరం నుంచి కుమారవేల్ బస్సులో వచ్చాడు; ఆమెలాగే అతని ఇంటి భాషా తెలుగే. ప్రెస్సుల్లో కంప్యూటర్లు బాగుచేయడం అతని బతుకుతెరువు. బాగుచేసినదాన్ని ఒకసారి ఆపి, మళ్లీ లేపి చూడకుండా ఇంటికి వెళ్లే అలవాటు అతనికి లేదు. విప్పి చూస్తే రెండు డిస్కుల్లో మొదటిది చచ్చిపోయింది.

"రెండుట్లోనూ ఒకటే ఉంటాదని పెట్టినోళ్లు చెప్పిరే తంబీ? ఒకటి పోతే ఇంకోటి లేవద్దా?"

"బొమ్మలు రెండుట్లోనూ ఉండాయక్కా. మిషన్ను లేపే ముక్కను మాత్రం పెట్టినోళ్లు మొదటిదాంట్లోనే రాసిపోయినారు."

వెంట తెచ్చిన సీడీ పెట్టి, దానితో మిషన్ను లేపాడు. రెండో డిస్కులోని నెమలి, లాంతరు బొమ్మలు తెరమీదికి వచ్చాయి. ఆ లేపే ముక్కను దానికీ రాసి, సీడీ తీసి, సర్వర్‌ను ఆపబోయాడు. అళగమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్న ఆపినందుకే ఈ పాట్లు. మంచిదినాన వెలిగిన దీపాన్ని యావడన్నా ఆర్పుతాడా?"

"సీడీ లేకుండా లేస్తాదో లేదో ఆర్పితేనేక్కా తెలిసేది. రేపు కరెంటు పోతే నేను విరుదునగరంలో ఉంటాను, మీరు దీనెదురుగా కూసోనుంటారు."

"లేవకుంటే?"

"మళ్లీ సీడీ పెడతాను. బొమ్మలు ఏడికీ పోవు."

ఆమె అడ్డం పెట్టిన చెయ్యి తీసింది.

"సరే, నువ్వు ఆర్పు. వెలిగించేది మాత్రం నేను."

అతను ఆపాడు. ఆమె చెప్పులు విడిచి బటన్ నొక్కింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు పరుగెత్తి, లాగిన్ పేరు అడిగేచోట నిలిచాయి. నెమలి లేబులుకు అచ్చు ప్లేటు తీయమని ఆమె ప్రెస్సు వైపు తమిళంలో కేకేసింది. కుమారవేల్ అప్పటికే, చచ్చినదాని చోట పెట్టడానికి కొత్త డిస్కు కవరు చింపుతున్నాడు.