లీలక్క కుక్కరు చూసిన స్విట్జర్లాండ్

సింగపూర్‌లోని మా బుకిట్ పంజాంగ్‌లో తెలుగువాళ్లెవరైనా మొదటిసారి స్విట్జర్లాండ్ వెళ్తున్నారంటే, టికెట్లు కొన్న మర్నాడు వాళ్లు చేసే పని ఒక్కటే. మా పై అంతస్తులో ఉండే లీలావతి అక్క ఇంటి తలుపు కొట్టడం. ఆమె దగ్గర ఒక చిన్న కరెంటు రైస్ కుక్కరు ఉంది. ముగ్గురికి సరిపడా అన్నం వండుతుంది, సూట్‌కేసులో చొక్కాల మధ్య ఇమిడిపోతుంది. దాన్ని అరువు తీసుకోకుండా యూరప్ విమానం ఎక్కిన తెలుగు కుటుంబం మా బ్లాకులో లేదు. స్విట్జర్లాండ్‌లో అన్నం దొరకదని కాదు. దొరికే అన్నం మన అన్నం కాదని.

ఇది రెండువేల ఏడు, ఎనిమిది నాటి మాట. బ్యాంకుల కంప్యూటర్ ఆఫీసులు ఒక్కొక్కటే చాంగీ బిజినెస్ పార్కుకు చేరుతున్న రోజులు. హైదరాబాదు నుంచి ఒంటరిగా దిగిన కుర్రాడికి రెండేళ్లు తిరిగేసరికి పెళ్లాం, ఫ్లాటు, పిల్ల, ఆపైన స్విట్జర్లాండు. ఈ వరస ఎవరు పెట్టారో నాకు తెలియదు గాని తప్పినవాళ్లు లేరు. తప్పింది ఒక్క లీలక్కకే. ఆమె భర్త సుధాకరరావు బావగారిది బ్యాంకు సిస్టమ్ ఆగిపోకుండా కాపలా కాసే ఉద్యోగం. ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకి రోజూ రైళ్లు మారుతూ పోయి వచ్చేవారు. సరిగ్గా పిల్లలకి జూన్ సెలవులు ఇచ్చినప్పుడే వాళ్ల ఆఫీసులో ఏదో ఒక కొత్త సిస్టమ్ మొదలయ్యేది. "వచ్చే ఏడు తప్పకుండా పోదాం లీలా" అనేవారు. వచ్చే ఏడు వచ్చేది, కుక్కరు వెళ్లేది, లీలక్క ఉండిపోయేది.

అరువు తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. మన ఊళ్లలో అయితే కాస్త పంచదారో, రెండు అరటిపళ్లో వేసి ఇస్తాం. స్విట్జర్లాండ్ నుంచి వచ్చేవాళ్లు మొదట్లో చాక్లెట్లు వేసి ఇచ్చారు. ఈ ఎండలకి అవి కరిగి కుక్కరు అడుగున అంటుకునేసరికి, ఫ్రిజ్ మీద అతికించే బొమ్మల్లోకి మారారు. ఆవు బొమ్మ, గంట బొమ్మ, గడియారం బొమ్మ, మంచుకొండ బొమ్మలు లెక్కలేనన్ని. ఆ ఫ్రిజ్ చూసినవాళ్లు "అబ్బో, ఎన్నిసార్లు వెళ్లారండీ!" అని నోరు తెరిచేవారు.

లీలక్క అబద్ధం ఆడే మనిషి కాదు. "నేను పోలా. నా కుక్కరు పోయింది" అనేది.

కానీ కుక్కరు వెనక వచ్చిన కబుర్లన్నీ ఆమె కడుపులో ఉండేవి. ఏది చూడాలి, ఏది మానాలి అని అడగడం ఆలస్యం, కుర్చీ లాక్కుని కూచునేది. మా కింది అంతస్తు శశికాంత్, లత కొత్తగా పెళ్లైన జంట. వాళ్లు కుక్కరు కోసం వచ్చినరోజు నేనూ అక్కడే ఉన్నాను.

"వారం రోజుల్లో రెండు కొండలు ఎక్కమాకండి. ఒకటి చాలు. రెండోదీ మంచే" అని మొదలుపెట్టింది. "లూసెర్న్‌లో పైకప్పున్న చెక్క వంతెన ఉంది, పొద్దున్నే నడవండి, తర్వాత జనం తోసుకుంటారు. రాతిలో చెక్కిన సింహం ఉంది, అది ప్రాణం పోతా పడుకునుంటది, చూస్తే గుండె కరిగిపోద్దంట. అక్కణ్ణించి ఇంటర్లాకెన్ పోయే రైల్లో కుడిపక్క కూచోండి, చెరువులన్నీ అటే. ఆదివారం కొట్లు తియ్యరు, పాలూ పెరుగూ శనివారమే తెచ్చుకోండి. వీధుల్లో పంపుల నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనమాకండి. ఇంటర్లాకెన్‌లో ఊరి మధ్య పెద్ద పచ్చిక బయలుంది. మనుషులు గొడుగులు కట్టుకోని ఆకాశంలోంచి దిగతా ఉంటారు. ఊరికే చూడొచ్చు."

"మరి పెద్ద కొండ ఆంటీ?" అన్నాడు శశికాంత్.

"అసలు సంగతి అదే నాయనా. హోటల్ టీవీలో కొండ మీది కెమెరా పొద్దున్నించీ చూపిస్తారు. తేటగా కనపడిందా, ఉన్నవాళ్లు ఉన్నట్టు చెప్పులేసుకోని పరిగెత్తండి. కాస్త ఎండెక్కితే మబ్బు పట్టుద్ది. మబ్బు పట్టాక మీరు పోయి చూసేది సున్నం కొట్టిన గోడ."

శశికాంత్ అన్నీ రాసుకున్నాడు. తిరిగొచ్చాక లత కుక్కరులో ఆవు బొమ్మ పెట్టి తెచ్చింది. లీలక్క బొమ్మ చూడలేదు. అందరు ఆడవాళ్లనీ అడిగే ప్రశ్నే అడిగింది.

"కొండ చూశావా?"

లత తల దించుకుంది. "మబ్బు పట్టిందాంటీ. టీవీలో తేటగానే ఉంది. పులిహోర కలుపుకుని పోదాం, అరగంటే గదా అన్నారు ఈయన. అన్నం అయ్యి, చల్లారి, కలిపేసరికి..."

"ఆ అరగంటలో మొగుడేం చేశాడు?"

"బాల్కనీలో నిలబడి కొండకి ఫోటోలు తీశారు."

ఆమె వెళ్లాక లీలక్క కుక్కరు కడుగుతూ నా మీద ఎగిరింది, నేనేదో పాపం చేసినట్టు. "చూశావటే అరుంధతీ! ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. ఎవతె సూట్‌కేసులో ఈ కుక్కరు పోయిందో దానికి కొండ కనపళ్లేదు. ఆరువేల మైళ్లు పోయి బాత్రూం గట్టు మీద బియ్యం కడిగి వచ్చారు. నాకు చాక్లెట్టొద్దు, కోటొద్దు, ఫోటో కూడా వద్దు. ఒక్క తెల్లారి, ఆ కొండని తేటగా నా కళ్లతో చూడాల. అంతే." ఆ మాట అని, కడిగిన కుక్కరునే మళ్లీ కడిగింది.

ఆ మరుసటి జూన్‌లో ఏ దేవుడు కరుణించాడో, బావగారి ఆఫీసులో కొత్త సిస్టమ్ అక్టోబరుకు వాయిదా పడింది. టికెట్లు వచ్చాయి. లీలక్క నేల మీద లేదు. పెట్టె సర్దడానికి నన్ను పిలిచింది. సర్దుతుండగా బావగారు కుక్కరు పట్టుకొచ్చి చొక్కాల మధ్య పెట్టారు.

"అది వద్దండీ. అది చాలాసార్లు చూసింది" అంది లీలక్క.

"రొట్టె తిని నేను వారం రోజులు బతకలేను లీలా. పొద్దున పెరుగన్నం డబ్బా చేతిలో లేకపోతే నాకు కాలు కదలదు. నీకు తెలీదా?"

"అయితే వండేదెవరు?"

"వండేదేముంది? స్విచ్చి నొక్కితే అదే వండుద్ది" అన్నారు బావగారు, చాలా తేలిగ్గా.

చోద్యం కాకపోతే, ఇరవై ఏళ్లుగా స్విచ్చి తనే నొక్కుతున్నట్టు! నేను ఏదో అనబోయాను. లీలక్క నా చెయ్యి నొక్కి ఆపింది. "సరే" అంది. ఆ 'సరే' నాకు అసలు నచ్చలేదు. కోపంలో అరిచే లీలక్కని నమ్మొచ్చు, ఊరుకున్న లీలక్కని నమ్మకూడదు.

తర్వాత ఇంటర్లాకెన్ హోటల్ గదిలో జరిగిన సంగతి నాకు మొదట చెప్పింది వాళ్లమ్మాయి తన్మయి. పదకొండేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. తిరిగొచ్చిన రోజే మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ! మమ్మీ జస్ట్ వాక్ అవుట్ లా! డాడీ ఫేస్ సో బ్లర్!"

బ్లర్ అంటే ఈ పిల్లల భాషలో దిక్కుతోచని మొహం. ఎందుకు దిక్కుతోచలేదో మిగతాది లీలక్క చెప్పింది.

రెండోరోజు పొద్దున టీవీ పెట్టగానే కొండ అద్దంలా కనబడిందట. ఆకాశం నీలంగా, మచ్చుకైనా మబ్బు లేదు. లీలక్క చెప్పులు వేసుకుంది. బావగారు అప్పుడే లుంగీ సర్దుకుంటూ, "పెరుగన్నం కలిపేసి పోదాం, అరగంటే గదా" అన్నారు.

అదే మాట! లత మొగుడు అన్న మాట, ఇంకెంతమందో అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా. లీలక్క బియ్యం కడిగింది. నీళ్లు పోసింది. మూత పెట్టి స్విచ్చి నొక్కింది. బావగారి రైలు టికెట్టు ఆ మూత మీద పెట్టింది.

"టక్కుమంటది. అప్పుడు ఆపండి. కిటికీ తీసి ఉంచండి, ఆవిరికి అలారం మోగుద్ది. చల్లారాక పెరుగు కలపండి, వేడి మీద కలిపితే విరుగుద్ది. తర్వాత రైలెక్కి రండి" అని, తన్మయి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

"లీలా! లీలా!" అని బావగారు తలుపు దాకా వచ్చారట. లుంగీలో వరండాలోకి రాలేక, కుక్కరులో అన్నం వదిలి పోలేక అక్కడే ఆగిపోయారట. బ్యాంకు సిస్టమ్ ఆగితే పరిగెత్తే మనిషి, కుక్కరు నడుస్తుంటే కదలలేకపోయారు.

"చూశావా అక్కా?" అని అడిగాను. నా ఒళ్లంతా చెవులే.

"చూశానే. పైకి పోయి నిలబడ్డా. మంచు మీద ఎండ పడి కళ్లు నిలవలా. ఆ చివర్నించి ఈ చివరిదాకా ఒక్క మబ్బు లేదు. అక్కడ నిలబడి ఏడ్చా."

"ఎందుకూ?"

"ఏమో. ఎదురుగా పొయ్యి లేదు. కొండే ఉంది."

బావగారు మూడు రైళ్ల తర్వాత చేరారు, చంకలో డబ్బాతో. అప్పటికి కొండ చుట్టూ దుప్పటి కప్పినట్టు మబ్బు. అయినా పట్టుదలగా ఒక ఫోటో తీశారు. ముగ్గురూ లోపల బల్ల దగ్గర కూచుని పెరుగన్నం తిన్నారు. సగం మెతుకు పలుకు, సగం జావ, ఉప్పు రెండుసార్లు పడింది. లీలక్క డబ్బా నాకి మరీ తిందట. "పెళ్లైనాక నాకు ఒకళ్లు వండి తెచ్చిన మొదటి అన్నం. పలుకైతే ఏంది?" అంది నాతో. బావగారు పక్కనే ఉండి గోడకేసి చూశారు.

ఆ తర్వాత మా బ్లాకులో కొత్త చట్టం వచ్చింది. లీలక్క కుక్కరు ఇక ఆడవాళ్ల చేతికివ్వదు. కావలసిన మగవాడు ఆమె వంటింట్లోకి వచ్చి, ఆమె ముందే అన్నం వండి చూపించాలి. పరీక్ష పెట్టేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సుధాకరరావు బావగారే.

ఆ పై ఏడు జూన్‌లో మా వంతు వచ్చింది. మా ఆయన ఉపేంద్ర ఆఫీసులో వచ్చేపోయే కుర్రాళ్లకు ఇంటర్వ్యూలు చేస్తాడు. "అన్నమే గదా" అని చొక్కా చేతులు మడిచి వెళ్లాడు. మొదటిసారి జావ చేశాడు. వారం రోజులు మా ఇంట్లో సాధన చేశాడు. ఆ వారం మేము ఏం తిన్నామో అడక్కండి. రెండోసారి మూత తీస్తే మెతుకు మెతుకు విడివిడిగా మల్లెపూవులా ఉంది. బావగారు ఒక్క మెతుకు వేళ్ల మధ్య నొక్కి చూసి తల ఊపారు. నాకు పట్టలేనంత గర్వం వచ్చింది.

"ఆఖరి ప్రశ్న తమ్ముడూ" అన్నారు బావగారు. "టీవీలో కొండ తేటగా ఉంది. అన్నం ఇంకా ఉడకలేదు. ఏం చేస్తావు?"

ఉపేంద్ర నా వైపు చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "స్విచ్చి ఆపేసి ఇద్దరం పరిగెడతాం అన్నయ్యగారూ!"

"తిరిగొచ్చి ఆకలన్నప్పుడు మళ్లీ నొక్కేదెవరు మరిదిగారూ?" అంది లీలక్క, వెనక నుంచి.

ఉపేంద్ర మీసం మీది చెయ్యి దించాడు.

"తప్పు తమ్ముడూ. అరుంధతి పోద్ది. నువ్వు కుక్కరు దగ్గరుంటావు" అన్నారు బావగారు.

"మరి నేను కొండ చూడొద్దా?"

"తర్వాత రైల్లో పో. మబ్బు లేకపోతే చూస్తావు."

"ఉంటే?"

బావగారు ఫ్రిజ్ వైపు చూపించారు. ఆవు బొమ్మల మధ్య ఆయన కొండ మీద తీసిన ఫోటో ఉంది. మొత్తం తెలుపు. ఒక్క గీత కూడా లేదు.

"ఉంటే ఇంటికొచ్చాక ఆమెనడుగు. చెప్పుద్ది" అన్నారు. "లీల నాకు ఇప్పటికీ చెప్తానే ఉంది. ప్రతిసారీ ఇంకొంచెం బాగుంటది."

లీలక్క కుక్కరు తుడిచి, అడాప్టరు లోపల పెట్టి, మూత బిగించి ఉపేంద్ర చేతికిచ్చింది. నా చేతికి మాత్రం తన ఉన్ని శాలువా ఇచ్చింది, పైన చలిగా ఉంటుందని.