నలభై అడుగుల ముందే ఆగిన చెక్కబాట

మా అవ్వ ఎడమ పాదం సోమవారం తీసేయాలని నిజామాబాద్ డాక్టరు గురువారం చెప్పాడు. మా ఇంట్లో అవ్వ అంటే అమ్మ. జీవితమంతా బోధన్ పక్కన చెరుకు పండించిన మనిషికి షుగర్ రావడంలో వింతేముందని నేను ఒక జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు.

"రెండు పాదాలున్నప్పుడే సముద్రంల వెట్టాలె," అన్నది అవ్వ. డెబ్బై ఏళ్లలో ఆమె చూసిన పెద్ద నీళ్లు నిజాంసాగర్ ఒక్కటే. డాక్టరును అడగలేదు. అడిగితే వద్దంటాడు.

శనివారం పొద్దున నేను, నా భార్య, అవ్వ, ఒక చక్రాల కుర్చీ, కోస్తాలో ఒక తీరానికి చేరాం. అక్కడ ఇసుక మీద చెక్కలు పరిచి బాట వేశారు. నడవలేనివాళ్ల కోసమని బోర్డు ఉంది. పెళ్లి కాబోయే జంట ఒకటి దాని మీద పడుకుని ఫోటోలు దిగుతోంది. మొక్కజొన్న పొత్తులవాడు పొయ్యి పెట్టుకున్నాడు. ఎవరివో తడి ప్యాంట్లు ఆరుతున్నాయి. చెక్కబాటకు ఇన్ని ఉపయోగాలున్నాయని నాకు తెలియదు. అందరినీ బతిమాలుకుంటూ చివరిదాకా పోయాం. నీళ్లకు నలభై అడుగుల ముందే అది అయిపోయింది. సముద్రాన్ని చూపించడం వరకే దాని బాధ్యత కాబోలు.

కుర్చీని ఇసుకలోకి దింపగానే చక్రాలు సగం దిగబడ్డాయి. ఎత్తుకుంటానన్నాను. అవ్వ నా నడుం వైపు చూసింది. "తర్వాత నిన్నెవలు ఎత్తాలె?"

బాట పక్కన మరమ్మతు కోసం తెచ్చిన చెక్కలు నాలుగు పడి ఉన్నాయి. అవ్వ కళ్లు వాటి మీద పడ్డాయి.

"గవి తీస్కరా. చెరుకు బండి దిగబడ్డదనుకో."

మా నల్లరేగడిలో బండి దిగబడితే చక్రాల కింద రెండు చెక్కలు, ముందర రెండు చెక్కలు వేస్తారు. బండి ముందువాటి మీదికి ఎక్కగానే వెనకవి పీకి మళ్లీ ముందర వేస్తారు. అవ్వ ఆ పని నలభై ఏళ్లు చేయించింది.

తీరం కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు. "ఏవండీ, అవి గవర్నమెంటు చెక్కలండీ!"

"తింటమా బిడ్డా? మల్ల ఆడనే వెడ్తం," అంటూ అవ్వ కాలి కట్టు విప్పింది. "పోయే కాలుకు కట్టెందుకు?"

అతను నల్లబడిన వేళ్లు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎనుకది తియ్యి, ముంగట వెయ్యి!" అవ్వ అదిలింపులకు నేనూ నా భార్యా ఎద్దులమూ అయ్యాం, కూలీలమూ అయ్యాం. మేం పది అడుగులు పోతే సముద్రం అయిదు అడుగులు వెనక్కి పోయింది.

"ఇది ఆటు వేళండీ," అన్నాడు కాపలా అతను, తప్పు తనదే అయినట్టు. అని, తానూ ఒక చెక్క పట్టాడు.

గంట తర్వాత ఒక అల వచ్చి రెండు పాదాల మీదుగా పోయింది.

"సల్లగున్నది," అన్నది అవ్వ, కుడికాలు చూసుకుంటూ. తర్వాత ఎడమ కాలు చూసుకుంది. దానికి స్పర్శ పోయి ఏడాదైంది.

"గిది తడిసిందా?"

"తడిసిందవ్వా."

"నాకు తెలుస్తలేదు."

జోకు కోసం వెతికాను. ఏమీ దొరకలేదు.

సముద్రం ఇంకో రెండు అడుగులు వెనక్కి జరిగింది. అవ్వ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఇంకింత లోతుకు పోతె తెలుస్తదేమో. ఎనుకది తియ్యి," అన్నది.

నేను వెనక్కి పోయి, దిగబడిన చెక్కను చేతులతో తవ్వడం మొదలుపెట్టాను.