వేలు పెట్టి చూపించు

మా తమ్ముణ్ణి పిల్లలు ‘గ్యాప్ మామ’ అంటారు. వాడు బడి వ్యాను నడుపుతాడు. ముందు ఎక్కడైనా కంకర లారీ కనిపిస్తే చాలు, కాలు బ్రేకు మీదికి పోతుంది, నోరు “గ్యాప్!” అంటుంది. వెనక సీట్లలో పిల్లలందరూ “గ్యాప్, గ్యాప్” అని అందుకుంటారు. ఆ వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించి, పక్కనుంచి పోతూ పోతూ నాలుగు తిట్లు తిట్టి పోతారు. వీడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. “తిట్టు తగిలితే అద్దం పగలదక్కా, రాయి తగిలితేనే పగులుతుంది” అంటాడు నాతో.

నాకు కార్ల అద్దాల షాపు ఉంది. అది మా నాన్నది. ఆయన పోయాక నేను పట్టుకున్నాను. తమ్ముడికి ఒకచోట కూర్చునే బుద్ధి లేదు, చిన్నప్పటి నుంచీ కాలు నిలవదు, అందుకని స్టీరింగు పట్టుకున్నాడు. ఇద్దరం అద్దాల మీదే బతుకుతున్నాం. అద్దాలు పగిలితే నాకు గిరాకీ, పగలకపోతే వాడికి సుఖం. అందుకే మా మరదలు “మీ అక్కాతమ్ముళ్ళలో ఎవరి మేలు కోరుకోవాలో తెలియక చస్తున్నా వదినా” అని నవ్వుతుంది.

వాడి జాగ్రత్త చూస్తే ఒక్కోసారి నాకే ఒళ్ళు మండేది. ఎండలో కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయడు, నీడలో పెట్టి చల్లారిందాకా కూర్చుంటాడు. వైపర్ల రబ్బరు కాస్త గట్టిపడితే చాలు, తెచ్చి నా బల్ల మీద పడేస్తాడు. కొత్తగా తారు వేసిన రోడ్డు మీద వాడి వ్యాను కంటే నత్త నయం. ముందద్దానికి బయటివైపు రాళ్ళ దెబ్బ ఆగేలా పల్చటి ఫిల్ము అతికించిందాకా నా ప్రాణం తీశాడు. రోడ్డు పక్క గడ్డి కోసే మిషను కనిపిస్తే “కిటికీలు మూయండర్రా” అని కేకేస్తాడు. సగం దించిన అద్దం ఉంటే ఊరుకోడు, దించితే మొత్తం దించాలి, ఎత్తితే మొత్తం ఎత్తాలి. “నన్ను ఒక్కరోజు ఇలా చూసుకుని ఉంటే నేను దేవతనైపోయేదాన్ని” అంటుంది మరదలు.

దానికి కారణం ఉంది. వ్యాను కొన్న కొత్తలో ఇలాగే గడ్డి మిషను కింద నుంచి ఒక రాయి ఎగిరొచ్చి పక్కద్దం మీద పడింది. ముందద్దమైతే బీట వారి ఊరుకునేది. పక్కద్దం అలా కాదు, మొత్తం పొడిపొడిగా రాలింది. కిటికీ పక్కన కూర్చున్న పాప ఒడి నిండా గాజు ముక్కలు. దేవుడి దయ, ఒక్క గీత కూడా పడలేదు. కానీ ఆ పాప మళ్ళీ వ్యాను ఎక్కలేదు. వాడు వాళ్ళింటికి పోయి బతిమాలాడు, తలుపు సందులోంచి వాణ్ణి చూసి పాప ఏడ్చింది. ఆ రోజు మా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద ముట్టకుండా లేచిపోయాడు. అప్పటి నుంచీ ఈ గ్యాప్ పిచ్చి.

అలాంటివాడు ఒకరోజు మధ్యాహ్నం వచ్చి “అక్కా, అద్దానికి చిప్పు పడింది” అన్నాడు.

రాయి తగిలి అద్దం మీద చిన్న పెచ్చు లేస్తే మేం చిప్పు అంటాం. అది పెద్ద విషయమేం కాదు. దుమ్మూ నీళ్ళూ దూరకుండా పైన టేపు వేసుకుని వెంటనే తెస్తే, అందులోకి జిగురు ఎక్కించి నీలం లైటు పెట్టి గట్టిపరుస్తాను. ఆలస్యం చేస్తే అదే బీటై అద్దం అంతా పాకుతుంది. అయితే చిప్పు ఎక్కడుందో వెతకడం ఒక్కోసారి తల ప్రాణం తోకకి తెస్తుంది. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టాడు. బండి తెచ్చినవాళ్ళు తమ సీట్లోనే కూర్చుని లోపలి నుంచి అద్దం మీద వేలు పెట్టాలి. మనం బయట నుంచి అదే చోట వేలు పెట్టి, గోటితో తడిమి చూడాలి. చిప్పుంటే గోరు పట్టుకుంటుంది. నాన్న ఎవరొచ్చినా నమస్కారం కంటే ముందు “వేలు పెట్టి చూపించు” అనేవాడు.

తమ్ముడు కూర్చుని కుడివైపు కింద వేలు పెట్టాడు. నేను బయట నుంచి గోరు పెట్టాను. జారిపోయింది. చుట్టుపక్కలంతా తడిమాను. నున్నగా ఉంది.

“ఏదిరా? ఏమీ లేదుగా.”

“ఉంది అక్కా. మసి మరకలాగా. సరిగ్గా చూడు.”

“నీ బుర్రకి పడింది చిప్పు. జిగురు ఎక్కించమంటావా?”

ఎప్పుడైనా నేనొకటి అంటే వాడు రెండంటాడు. ఆ రోజు మాత్రం వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

కొద్దిరోజులకి మళ్ళీ వచ్చాడు. ఫిల్ము కింద గాలి బుడగ ఉందేమోనన్నాడు. సరే పొమ్మని ఫిల్ము మొత్తం పీకేశాను. అద్దాన్ని మందు వేసి కడిగాను, బ్లేడుతో గీకాను. మరక పోలేదన్నాడు. అయితే అద్దం లోపలి పొరల్లో ఉందన్నాడు. చెవిలో జోరీగలాగా రోజూ ఫోన్లు. ఆఖరికి విసుగొచ్చి “కొత్త అద్దమే వేస్తాను, ఇక నా ప్రాణం తియ్యకు” అన్నాను. వాడి మొహం ఒక్కసారి వెలిగింది. పాతద్దం కోసి తీస్తుంటే పక్కనే నిలబడి, అది బయటికి రాగానే వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు అప్పుడు తట్టలేదు.

కొత్తద్దం జిగురు ఆరి, బండి బయటికి తీశాక రెండోరోజే షాపు ముందు వ్యాను ఆగింది. పిల్లల్ని బడిలో దింపేసి నేరుగా వచ్చినట్టున్నాడు. దిగలేదు. నేనే దగ్గరికి వెళ్ళాను.

“దీన్లో కూడా ఉంది అక్కా” అన్నాడు.

నాకు మండుకొచ్చింది. వాడి మీద కాదు, అద్దాలు పంపే హోల్‌సేలు ఆయన మీద. అక్కడే నిలబడి ఫోను తీసి ఎడాపెడా వాయించేశాను.

“ఏమయ్యా, ఏళ్ళ తరబడి నీ దగ్గరే కొంటున్నాను, నా మొహానికి ఇలాంటి సరుకా? కళ్ళు మూసుకుని పంపించావా? పిల్లలు తిరిగే బండయ్యా అది! మరకలున్న అద్దం అంటగట్టడానికి సిగ్గుండక్కర్లా? పైగా పాత అద్దంలో ఎక్కడుందో, సరిగ్గా అక్కడే, ఈ కొత్తదాంట్లోనూ...”

నా మాట నాకే వినపడింది. నోరు ఆగిపోయింది. అవతల ఆయన “హలో, మేడమ్, హలో” అంటూనే ఉన్నాడు. నేను ఫోను పెట్టేశాను.

తమ్ముడు స్టీరింగు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

“ఏదీ, వేలు పెట్టి చూపించు” అన్నాను.

పెట్టాడు. నేను బయట నుంచి దాని మీదే నా వేలు పెట్టాను.

“ఇప్పుడు తల షాపు గేటు వైపు తిప్పి, మరక ఎక్కడుందో చూపించు.”

తిప్పాడు. వాడి వేలు అద్దం మీద జరిగింది. నా వేలూ దాని వెంట జరిగింది.

“ఇటు తిప్పు.”

మళ్ళీ జరిగింది. చిప్పు అలా జరగదు. అద్దం మీద పడింది ఎక్కడికీ పోదు, మనం ఎటు చూసినా పడినచోటే ఉంటుంది. ఇది వాడి చూపుతో పాటే జరుగుతోంది.

“కుడి కన్ను మూసుకో.”

“మూసుకుంటే మరక లేదు అక్కా. కానీ అంతా మసక.”

వాడి ఎడమ కంటిది చిన్నప్పటి నుంచీ మందచూపే. కుడి కన్ను బాగుండటంతో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నాళ్ళూ వాడు ఆ ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నాడు. ఆ మంచి కంట్లోనే ఇప్పుడు మరక.

తలుపు తీసి పక్క సీట్లో కూలబడ్డాను. “ఎప్పటి నుంచిరా?” అన్నాను.

“తెలీదు. ఇంట్లో గోడ మీద కూడా కనిపిస్తోంది. అన్నం కంచంలో కనిపిస్తోంది.”

“మరి అద్దం, అద్దం అని నా వెంట పడ్డావేంరా!”

“అద్దంలో ఉంటే నువ్వు తీసేస్తావు కదా అక్కా.”

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే వాడు బెంబేలెత్తిపోతాడని కోపం తెచ్చుకున్నాను. నాకు అదొక్కటే వచ్చు. “బుద్ధుందా నీకు? ఒంట్లో ఇంత పెట్టుకుని పిల్లల్ని ఎక్కించుకుని ఊరేగుతున్నావా? ఎవరి బిడ్డకైనా ఏమైనా అయితే? నీ పెళ్ళానికి తెలుసా?”

“దానికి చెప్పకక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను మెల్లగానే పోతున్నాను, ఇంకా మెల్లగా పోతున్నాను.”

“తాళం ఇటివ్వు.”

“ఈ ఒక్కరోజు. బడి వదిలేదాకా ఉండి, వాళ్ళని ఇళ్ళ దగ్గర దింపేస్తాను. రేపు డాక్టరు దగ్గరికి పోతాను, ఒట్టు.”

“తాళం ఇవ్వరా.”

వాడికి కోపం వచ్చింది. మా ఇంట్లో ఎవరి కోపమైనా ఒకటే బాపతు. “వ్యాను దిగి నేనేం చెయ్యను? నీ షాపులో కూర్చుని అద్దాలు తుడవనా? నీకేం, నీ కళ్ళు బాగున్నాయి, ఎన్నయినా చెప్తావు” అని అరిచాడు. అరిచి, తనే తాళం తీసి నా ఒళ్ళో పడేశాడు. ఆ తరువాత మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కంటి ఆస్పత్రికి ఫోను చేస్తే సాయంత్రం తీసుకురమ్మన్నారు. పిల్లల్ని దింపేసి అటునుంచి అటే పోదామన్నాను.

బడి వదిలేవేళకి నేను స్టీరింగు ముందు, వాడు పక్క సీట్లో. పిల్లలు బిలబిలా ఎక్కుతూ మమ్మల్ని చూసి ఆగిపోయారు.

“మామా, మీరు అటెందుకు కూర్చున్నారు?”

“మా అక్కకి డ్రైవింగు నేర్పిస్తున్నా. గట్టిగా పట్టుకోండి, ఎక్కడ గుద్దేస్తుందో తెలీదు” అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వాడి గొంతులో ఏ తేడా లేదు. ఎక్కడ తిప్పాలో, ఎవరి గేటు ముందు ఎంత మెల్లగా ఆపాలో, ఏ పిల్ల సంచి సీటు కింద మరిచిపోతుందో అన్నీ చెప్తున్నాడు.

పెద్ద రోడ్డెక్కగానే మా ముందు కంకర లారీ పోతోంది. “గ్యాప్!” అన్నాడు వాడు, నేను చూసేలోపే. పిల్లలు అందుకున్నారు. నేను వెనక్కి తగ్గాను. హమ్మయ్య, వీడికి బాగానే కనిపిస్తోంది, నేనే లేనిపోనిది ఊహించుకుని కంగారుపడ్డానేమో అనుకున్నాను. డాక్టరు ఏదో చుక్కల మందు రాసి పంపిస్తాడు, వారం తిరక్కుండా మళ్ళీ వీడే నడుపుతాడు అనుకున్నాను. అలా అనుకోవాలని నాకు ఎంత ఆశగా ఉందో.

ఆ లారీ మలుపు తిరిగి పోయింది. ఇంకొంచెం ముందుకి వెళ్ళాక, కుడివైపు సందులోంచి మరొకటి మెల్లగా బయటికి వస్తోంది. నిండుగా కంకర, పైన పట్టా లేదు. కుదుపుకి రాళ్ళు జారి రోడ్డు మీద పడుతున్నాయి. నాకు కనిపించింది. పిల్లలకీ కనిపించింది. ఎవరూ అరవలేదు. వాళ్ళ ఆటలో మొదటి మాట ఎప్పుడూ మామదే, అందుకని వాడి కోసం చూస్తున్నారు. వాడు రోడ్డు వైపే కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

చివరికి పిల్లలే ఆగలేక “గ్యాప్ మామా, గ్యాప్!” అని అరిచారు.

“ఎక్కడ?” అన్నాడు వాడు.

మామ ఆట పట్టిస్తున్నాడనుకుని పిల్లలు పకపకా నవ్వారు. నా వెనక సీట్లో కూర్చున్న పాప కిటికీ అద్దం మీద వేలు పెట్టి చూపించింది.

“ఇదిగో మామా, ఇక్కడ!”

వాడు ఒళ్ళంతా ఇటు తిప్పి ముందు ఆ వేలిని చూశాడు, తరువాత లారీని చూశాడు. నేను బ్రేకు మీద కాలు పెట్టి, వాడు వదిలేటంత గ్యాప్ వదిలాను.